గాజు కొలిమి దగ్గర దుబాసీ

పిల్లలకు తెలుగు రావట్లేదని బెంగపడే ప్రవాసులకు నేను చెప్పేది ఒక్కటే. తెలుగు తప్ప మరో భాష రాని పెద్దవాళ్లని జతచేసి, వాళ్లని ఏదైనా ఫ్యాక్టరీ చూడ్డానికి పంపండి.

మా అమ్మ వచ్చినప్పుడు గాజు ఊదే ఫ్యాక్టరీకి వెళ్లాం. గైడ్ మాటలు ఆవిడకు ముక్క అర్థం కాలేదు. నేను చెప్పబోతే, "నువ్వుండవే, అది చెబుతుంది" అని మనవరాలి చెయ్యి పట్టుకుంది.

ఇంట్లో "ఊఁ"లతో సరిపెట్టే పిల్లకు తప్పించుకునే దారి లేకపోయింది. ఇసుక, సోడా, సున్నం కలిపి కరిగిస్తారట అమ్మమ్మా అంటూ మొదలుపెట్టింది. కొలిమి సుమారు 1100 డిగ్రీల సెల్సియస్‌లో మండుతూ ఉంటుంది, రాత్రిళ్లు కూడా ఆర్పరు. ఊదే ఆయన పొడవాటి ఇనప గొట్టం కొసకి తేనెలా సాగే ముద్దను చుట్టి తీశాడు. బుగ్గలు పగిలేలా ఊదాలేమో అనుకున్నాం. చిన్న ఊపిరి చాలట! కష్టమంతా తిప్పడంలోనే ఉంది. గొట్టం తిరగడం ఆగిందా, ముద్ద ఓ పక్కకి వేలాడిపోతుంది.

తర్వాత తడిపిన న్యూస్‌పేపర్ మడతను అరచేతిలో పెట్టుకుని, దాంతోనే ఎర్రగా కాలుతున్న గాజును నిమిరాడు. గుప్పున ఆవిరి, కాగితం కమురు వాసన. కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టించుకున్న మా అమ్మ ఇక ఆగలేదు.

"చెయ్యి కాలదా? అడుగు."

కాగితం తడిగా ఉన్నంతసేపూ ఆవిరే అడ్డుంటుందట.

"ఆ నీలం ఎలా వచ్చింది? అడుగు."

కోబాల్ట్. మరి సీసాల ఆకుపచ్చ? ఇసుకలోని ఇనుము.

తయారైన జాడీని వెంటనే చూపించరేమని అమ్మ గొణిగింది. దాన్ని దాదాపు 500 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి గంటల తరబడి మెల్లగా చల్లారుస్తారు. అలాగే బయట పెట్టేస్తే పైన గట్టిపడి, లోపల ఇంకా వేడిగా ఉండి, ఆ లాగుడుకి పగిలిపోతుంది. ఇంత సంగతి చెప్పేసరికి మా అమ్మాయికి చెమటలు పట్టాయి. చేతులు తిప్పింది, గోడ మీద వేలితో బొమ్మ గీసింది. మధ్యలో నేను అందుకోబోతే ఇద్దరూ కలిసి నన్నే కసిరారు.

వారాంతపు తెలుగు క్లాసుల్ని తీసిపారేయను. అక్షరాలు అక్కడే వచ్చాయి. కానీ అక్కడ ఎవరికీ పిల్ల జవాబుతో పనుండదు, మార్కులిచ్చే టీచర్‌కి తప్ప.

ఆ రాత్రి అమ్మ ఫోన్‌లో మా పెద్దమ్మకి అంతా వర్ణిస్తుంటే పిల్ల మధ్యలో దూరింది. "నీలానికి ఇనుము కాదు అమ్మమ్మా, కోబాల్ట్! ఫోన్ ఇలా ఇవ్వు, నేను చెబుతాను."