పెద్ద బాయిలర్ కొనబోయి ఆగాను

గ్యాస్‌తో నీళ్లు కాచి, గదుల్లోని రేడియేటర్లకు (వేడినీళ్లు పారే పలకలకు) పంపుతూ 15 ఏళ్లు ఇంటిని వెచ్చగా ఉంచిన బాయిలర్ సరిగ్గా చలి ముదిరాక మొరాయించింది. కొత్తది కొనాలనగానే నా బుర్రలో ఒకటే లెక్క: ఎంత పెద్దదైతే అంత మంచిది. అమ్మడానికి వచ్చినాయన కూడా "30 కిలోవాట్లది తీసుకోండి, బెంగ ఉండదు" అన్నాడు.

ఎందుకో అనుమానమొచ్చి, గోడలు, కిటికీలు, పైకప్పు గుండా ఎంత వేడి పోతోందో గది గదికీ లెక్క వేయించాను. బాగా చలిగా ఉండే రోజున కూడా 9 కిలోవాట్లు దాటలేదు! అవసరానికి మించిన బాయిలర్ మాటిమాటికీ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. గ్యాస్ దండగ, మెషిన్‌కీ అరుగుదల.

చివరికి చిన్న కండెన్సింగ్ బాయిలర్ తీసుకున్నాం. పొగతో బయటికి పోయే నీటి ఆవిరిని చల్లబరిచి, ఆ వేడిని కూడా ఇంటికే తిప్పుతుంది. ఇక్కడే ఉంది మెలిక. రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల కన్నా చల్లగా ఉంటేనే ఆ ఆవిరి నీరవుతుంది. బిగించినవాళ్లేమో బాయిలర్ నుంచి రేడియేటర్లకు వెళ్లే నీళ్ల వేడిని 75 డిగ్రీల దగ్గర పెట్టి వెళ్లిపోయారు. లేబుల్ మీద సామర్థ్యం 90 శాతం పైనే అని ఉన్నా, అలా నడిపితే ఆ లాభంలో చాలా భాగం పొగగొట్టం పాలే.

భయపడుతూనే 55కి తగ్గించాను. రేడియేటర్ మీద చెయ్యి పెడితే ఇప్పుడు చురుక్కుమనదు. "అసలిది పనిచేస్తోందా?" అని ఇంట్లో అందరూ అడిగారు. గదిలో మాత్రం 20 డిగ్రీలు! వేడెక్కడానికి కాస్త ఎక్కువసేపు పడుతోంది, అంతే.

కిటికీ సందులు మూసే పని ఇంకా బాకీ. అది ముందే చేసి ఉంటే ఇంకా చిన్నది సరిపోయేదేమో.