మా ఇంట్లో ఇలాంటివి లేవండీ

ఎమర్జెన్సీ వార్డు తలుపు దగ్గర నాన్న డాక్టర్‌తో అన్న మాట అది. నాకప్పుడు స్పృహ లేదు, తర్వాత తమ్ముడు చెప్పాడు. "మా ఇంట్లో ఇలాంటివి లేవండీ, స్నేహాలే చెడగొట్టాయి" అన్నారట. నేను మింగిన మాత్రల షీటు మా అమ్మ బీరువాలోది.

నాకు 16 ఏళ్లు. అమ్మానాన్నలు రాత్రుళ్లు గొడవ పడేవారు. ఆ తర్వాత అమ్మ ఆల్ప్రాజోలం అనే ఆందోళన తగ్గించే మాత్ర వేసుకుని పడుకునేది. పరీక్షల ముందు నిద్ర పట్టట్లేదంటే తనే సగం తుంచి ఇచ్చింది. "టెన్షన్ పడకురా, ఇది వేసుకుని పడుకో." ఆ రాత్రి పక్క గదిలో అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి, కానీ ఎవరింట్లోవో అన్నట్టున్నాయి. ఆ హాయికే అలవాటు పడ్డాను. తర్వాత అడగడం మానేసి తీసుకోవడం మొదలుపెట్టాను. షీటు త్వరగా అయిపోతోందని అమ్మ గమనించలేదో, గమనించినా నాన్నకు చెప్పడానికి భయపడిందో, ఇప్పటికీ అడగలేదు. కోడైన్ అనే మత్తు మందు ఉన్న దగ్గు సిరప్ సంగతి మాత్రం క్లాసులోనే తెలిసింది. నాన్న మాటలో ఆపాటి నిజం ఉంది.

ఒక రాత్రి రెండూ కలిపి తీసుకున్నాను. రెండూ ఊపిరిని మందగింపజేసేవే. మంచినీళ్లకు లేచిన తమ్ముడికి నా గురక వినిపించింది. గరగరమంటూ, మధ్యమధ్యలో ఆగిపోతూ. పెదాలు నీలంగా మారాయట. నాన్నను లేపితే "అలిసిపోయాడు, పడుకోనీ" అన్నారు. వాడు వినలేదు. నన్ను పక్కకు తిప్పి, ఇల్లంతా గోల చేసి అంబులెన్స్ పిలిపించాడు. 12 ఏళ్లవాడు! నాలోక్సోన్ ఇచ్చారు. అది కోడైన్‌కు విరుగుడే గానీ ఆల్ప్రాజోలం మీద పనిచేయదు, అందుకే తెల్లవార్లూ కనిపెట్టుకుని ఉన్నారు. అలా గురక పెడుతూ, లేపినా లేవని మనిషిని దయచేసి పడుకోనివ్వకండి.

చికిత్స గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. మాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చని, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించారు. "మంచి ఇంటి పిల్లాడివి, సిగ్గులేదూ?" అన్నాడు డ్యూటీ డాక్టర్. ఆ మాట ఇంకా మింగుడు పడలేదు. అదే వార్డులో ఒక నర్సమ్మ రాత్రంతా పేరు పెట్టి పిలుస్తూ, నన్ను నిద్రలోకి జారనివ్వలేదట. ఆవిడకు దండం పెట్టాలి.

కౌన్సెలింగ్‌కు నాన్న నాలుగోసారికి గానీ రాలేదు. "మీరు గొడవ పడేటప్పుడు బాబు ఏం చేస్తుంటాడు?" అని కౌన్సెలర్ అడిగింది. "చదువుకుంటుంటాడండీ" అంది అమ్మ వెంటనే. నాన్న తల దించుకున్నారు. ఆయన ఏడవడం నేను అప్పుడే చూశాను.

ఇప్పుడు మాత్రలన్నీ తాళం వేసిన పెట్టెలో ఉంటున్నాయి. గొడవలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. నాన్న బంధువులకు ఇప్పటికీ న్యుమోనియా అనే చెబుతారు. నేను పక్కనుంటే మాత్రం మాట మార్చేస్తారు.