దిదిమోతిహోకు కోరి వచ్చేదెవరు?

"మిమ్మల్ని ఇక్కడికి ఎవరు పంపారు?" కాఫీ కప్పు బల్ల మీద పెడుతూ ఆ పెద్దాయన అడిగిన మొదటి మాట ఇది. ఎవరూ పంపలేదు, నేనే వచ్చానంటే నమ్మలేదు. గ్రీసులో మగపిల్లలకు సైనిక సేవ తప్పనిసరి. చాలామందికి దిదిమోతిహో అనే ఈ ఊరంటే ఇంటికి దూరంగా, టర్కీ సరిహద్దులో పడ్డ డ్యూటీ.

అలెగ్జాండ్రూపోలి నుంచి బస్సులో ఎవ్రోస్ నదిని అనుసరిస్తూ ఉత్తరానికి వచ్చాను. బల్గేరియాలో మారిత్సా, టర్కీలో మెరిచ్, ఇక్కడ ఎవ్రోస్: ఒకే నీరు, మూడు పేర్లు. 1923 నాటి లొజాన్ ఒప్పందం తర్వాత ఈ నదే చాలా మేర గ్రీసు, టర్కీల మధ్య సరిహద్దు గట్టు అయింది. నది ఒడ్డున ఫొటోలు తీయాలనే సరదా మానుకోవడం మంచిది, అది సైనికుల కాపలా ఉన్న చోటు.

ఊరి పేరుకు అర్థం జంట గోడలు. ఎరిత్రోపోటమోస్ అనే వాగు పక్కన గుట్ట మీద బైజాంటైన్ల (తూర్పు రోమన్ సామ్రాజ్యం వాళ్ల) కోట ఉంది, స్థానికులు 'కలే' అంటారు. అది టర్కీ భాషలో కోటకున్న పేరే. ఎక్కుతుంటే కాళ్లు పీకాయి గాని, పైన నిలబడ్డాక నాకు ఒక్కటే ఆశ్చర్యం. 1332లో బైజాంటైన్ చక్రవర్తి ఐదవ యోహాను పుట్టింది ఈ ఊళ్లోనే. 1341లో ఆ రాజ్యంలోని పెద్ద ప్రభువు కాంటకుజినోస్ తనను తాను చక్రవర్తిగా ప్రకటించుకుని అంతర్యుద్ధానికి తెర తీసిందీ ఇక్కడే. ఆ తర్వాత ఊరు ఒట్టోమన్ తుర్కుల చేతికి పోయింది. 1447లో సుల్తాను రెండవ బయెజీద్ పుట్టిందీ ఇక్కడే! నూటపదిహేనేళ్ల తేడాతో అటు వాళ్లకూ ఇటు వాళ్లకూ ఒక్కొక్క ఏలిక.

స్వీడన్ రాజు పన్నెండవ చార్లెస్ మాత్రం కోరి రాలేదు. 1709లో పొల్తావా దగ్గర రష్యా చేతిలో ఓడి ఒట్టోమన్ సుల్తాను పంచన చేరాడు. చుట్టం మకాం ముదిరి కయ్యమయ్యాక, 1713లో అతన్ని ఇటు తరలించారు. రోగం వంకతో నెలల తరబడి మంచం దిగలేదని చెబుతారు. రాజుగారి మొండితనం చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

చౌకులో 1420లో పూర్తయిన పెద్ద మసీదు ఉంది. పిరమిడ్ ఆకారపు చెక్క కప్పు దాని ప్రత్యేకత. 2017 మార్చిలో నిప్పంటుకుని ఆ కప్పు కాలిపోయింది. పరంజాల మధ్య నిలబడ్డ రాతి గోడలను చూస్తూ అక్కడే చాలాసేపు ఉండిపోయాను.

సాయంత్రం తిరుగు బస్సులో పక్క సీటు కుర్రాడు సెలవు మీద ఇంటికి వెళ్తున్న సైనికుడు. ఫోనులో రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు, ఇంకా 41 మిగిలాయట. నేనెన్ని రోజులున్నానని అడిగాడు. ఒక్క రోజు అన్నాను. అసూయగా చూశాడు.