నా మోకాలి చప్పుడు

ఆ రోజు పెళ్లి బ్లౌజు గుడ్డ ఒకటి నేల మీద పరిచి కత్తిరిస్తున్నాను. గొంతుక్కూర్చున్నదాన్ని లేవబోయేసరికి కుడి మోకాలు 'టక్' మంది. పక్క గదిలో ఉన్న మా అత్తమ్మకు కూడా వినబడింది. "ఏం విరిగిందమ్మా?" అంటూ వచ్చింది. ఏమీ విరగలేదు, పెద్దగా నొప్పీ లేదు. కానీ ఆ రోజు నుంచి నా చెవి మోకాలి దగ్గరే ఉండిపోయింది.

అనంతపురంలో పదిహేనేళ్లుగా ఇంట్లోనే కుట్టుమిషన్ తొక్కుతున్నాను. మాది మేడ మీద ఇల్లు. మెట్లు దిగుతుంటే కిరకిర, లేస్తుంటే టక్. కొన్నాళ్లకు మోకాలిచిప్ప చుట్టూ సన్నగా నొప్పి కూడా మొదలైంది. తెలిసినామె ఒకరు "గుజ్జు అయిపోయింటాది, ఇంక మిషన్ తొక్కితే ఆపరేషనే" అన్నారు. ఆ మాటకు నిద్ర పట్టలేదు. మిషన్ తొక్కడం మానేశాను, మెట్లు దిగడం మానేశాను, గుడికి పోవడం కూడా మానేశాను. మూడు నెలలు కాలు కదిపితే ఎక్కడ అరిగిపోతుందో అని భయపడుతూ బతికాను.

నొప్పి తగ్గకపోగా పెరిగింది. ఒక సాయంత్రం నా టేపుతోనే తొడలు కొలుచుకున్నాను. ఎడమ తొడ కంటే కుడి తొడ అంగుళం తక్కువ. ఇన్నేళ్లుగా ఎందరికో కొలతలు తీసిన చేతులు నావి, పొరపాటు పడే అవకాశం లేదు. రెండోసారి కొలిచినా అంతే వచ్చింది. మరుసటి రోజే ఎముకల డాక్టర్ దగ్గరకు వెళ్లాను.

ఆయన మూడు విషయాలు అడిగారు. మోకాలు వాచిందా? మడిచినప్పుడు ఇరుక్కుపోయి తెరుచుకోకుండా ఉందా? నడుస్తుంటే కాలు ఒక్కసారిగా జారవిడిచినట్టు అవుతుందా? మూడింటికీ లేదన్నాను. ఎక్స్‌రేలో కూడా తేడా లేదు. అప్పుడు నా అరచేతిని మోకాలిచిప్ప మీద పెట్టించి కాలు మడిచి చాపమన్నారు. ఇసుక చల్లిన పలక మీద చెయ్యి రుద్దినట్టు చేతి కింద కరకరమని తగిలింది. "ఈ చిప్ప తొడ ఎముక మీదున్న గాడిలో జారుతుందమ్మా. దాన్ని సరిగ్గా నడిపించేది తొడ ముందు కండరం. మీరు కాలు వాడటం మానేశారు, కండరం తగ్గిపోయింది, అందుకే నొప్పి పెరిగింది. నొప్పీ వాపూ లేని చప్పుడు జబ్బు కాదు" అన్నారు. మూడు నెలల టెన్షన్ ఆ ఒక్క మాటతో సగం దిగింది.

ఆ తర్వాత ఈ చప్పుళ్ల గురించి ఓపిగ్గా చదివాను. మెటికలు విరిస్తే వచ్చే శబ్దం వేరు. కీలులో కోడిగుడ్డు తెల్లసొనలాంటి ద్రవం ఉంటుంది. వేలిని లాగినప్పుడు లోపల ఒత్తిడి పడిపోయి, ద్రవంలో కరిగి ఉన్న వాయువు బుడగ కడుతుంది. శబ్దం బుడగ పుట్టినప్పుడు వస్తుందని 1947లో అన్నారు, చితికినప్పుడని 1971లో అన్నారు. 2015లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు ఎంఆర్‌ఐలో వేలిని లాగి చూస్తే, చప్పుడయిన క్షణంలోనే కీలులో బుడగలాంటి ఖాళీ ఏర్పడటం కనబడింది. ఆ వాదన ఇంకా పూర్తిగా తెగలేదు. ఒకసారి మోగిన కీలు మళ్లీ మోగాలంటే ఇరవై నిమిషాల దాకా పడుతుందట. అమెరికాలో డోనల్డ్ ఉంగర్ అనే డాక్టర్ అరవై ఏళ్లకు పైగా ఎడమ చేతి మెటికలు మాత్రమే విరిచి, కుడి చేతిని వదిలేసి చూసుకున్నారు. ఏ చేతికీ కీళ్లవాతం రాలేదు. ఒక్క మనిషి అనుభవంతో అంతా తేలిపోదు కానీ, నాకు ధైర్యం ఇచ్చింది మాత్రం అదే.

వ్యాయామం మొదట్లో విసుగనిపించింది. చుట్టిన టవల్ మోకాలి కింద పెట్టి, దాన్ని నొక్కుతూ పది లెక్కపెట్టడం. కాలు వంచకుండా జానెడు ఎత్తి ఆపడం. కొన్నాళ్లకు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. రెండు వారాలు ఏ మార్పూ లేదు, ఒక రాత్రి ఏడుపొచ్చింది. రెండో నెలలో మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మానేశానని మా అమ్మాయి చెబితేగానీ గమనించలేదు. నాలుగో నెలకు టేపులో తేడా పావు అంగుళానికి వచ్చింది. కటింగ్ నేల మీద నుంచి బల్ల మీదకు మార్చాను. అరగంటకోసారి మిషన్ దగ్గర నుంచి లేచి నాలుగడుగులు వేస్తాను.

అదే సమయంలో మా పెద్దమ్మకూ మోకాలు టక్కుమనేది, కానీ ఆమెకు వాపు ఉంది, కాలు ఇరుక్కుపోతోంది. "నాది కూడా చప్పుడేలే" అని తీసిపారేస్తుంటే, బలవంతంగా డాక్టర్‌కు చూపించాను.

నా మోకాలు ఇప్పటికీ మెట్ల మీద కిరకిరమంటుంది. నొప్పి లేదు.

మొన్న స్కూలు ఫంక్షన్‌కు తయారైన మా అమ్మాయికి అత్తమ్మ దిష్టి తీసింది. బుగ్గలు నిమిరి, తన కణతలకు వేళ్లు ఆనించి విరిస్తే మెటికలన్నీ టపటపా మోగాయి. "ఎంత దిష్టి ఉందో చూడు" అని, వెంటనే నా మొహం మీదుగా కూడా చేతులు తిప్పింది. ఒక్కటి కూడా మోగలేదు. ఆమె మొహం చిన్నబోయింది.

"ఇరవై నిమిషాలు ఆగాలత్తమ్మా" అన్నాను.

"ఆగుదాంలే, కూర్చో" అని గడియారం వైపు చూసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.