కొబ్బరి ఆరబెట్టే గది: ఒక మూల మాడు, ఇంకో మూల బూజు

కార్తీకం ముసుర్లో డాబా మీద పోసిన కొబ్బరి చిప్పలు జిగటెక్కి బూజు పట్టేస్తాయి. కోనసీమలో ఇది తెలియని రైతు లేడు. అందుకే కట్టెల పొయ్యితో ఆరబెట్టే గది కట్టించాం. పన్నెండడుగుల పొడవు ఇటుక గది, ఓ చివర బయటి నుంచి ఎగదోసే పొయ్యి, లోపల నేలకి అడుగెత్తున ఆరంగుళాల ఇనుప గొట్టం, రెండో చివర చిమ్నీ, గొట్టానికి మూడడుగుల పైన వల ట్రేలు. పొగ గొట్టంలోనే పోవాలి, గదిలోకి వేడి ఒక్కటే రావాలి. కాయ కొట్టడం, పరవడం మీకు నేను చెప్పక్కర్లేదు.

వెయ్యి కాయల పచ్చి కొబ్బరిలో సగం నీళ్లే. మద్దతు ధరకి అమ్మాలంటే తేమ 6 శాతం దాటకూడదు. అంటే సుమారు 130 లీటర్ల నీరు ఆవిరై గది దాటి పోవాలి. వేడి పుట్టించడం పెద్ద పని కాదు, కొబ్బరి పెంకులు వేస్తే భగ్గుమంటాయి. ఆ వేడిని అన్ని ట్రేలకీ సమానంగా తిప్పడంలోనే ఉంది తిప్పలంతా.

మొదటి విడతలో పొయ్యి వైపు చిప్పలు ఎర్రగా మాడాయి, చిమ్నీ వైపువి వేలితో నొక్కితే చెమ్మగానే ఉన్నాయి. గది చేసిచ్చిన వెల్డింగాయన వచ్చి చూసి, "గాలి ఆడట్లేదండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టేద్దాం" అని పైన పెద్దది బిగించి బిల్లు చేతిలో పెట్టాడు. స్విచ్ వేసిన కాసేపటికే గది నిండా పొగ! అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో కొనేవాడు చిప్ప ముక్కు దగ్గర పెట్టుకుని, మారు మాట్లాడకుండా రేటు కోసేశాడు. వెల్డింగాయన్ని అడిగితే తడి కట్టెలన్నాడు.

కట్టెల తప్పేం లేదు. ఫ్యాన్ లాగినంత గాలి కింద నుంచి రాకపోతే, ఎక్కడ సందుంటే అక్కడ్నుంచి లాగుతుంది. గొట్టం అతుకుల్లోంచీ లాగుతుంది, చివరికి చిమ్నీలోంచి వెనక్కీ లాగుతుంది. ఆ పొగలో వాసన లేని విషవాయువు కూడా ఉంటుంది. అలాంటి గదిలో కాపలాకని ఎవర్నీ పడుకోబెట్టకండి.

వేడిగాలిని తోసి ప్రయోజనం లేదు, చల్లగాలిని తోయాలి. 60 డిగ్రీల గాలి 30 డిగ్రీల గాలి కంటే దాదాపు 9 శాతం తేలిక. దారిస్తే అదే లేస్తుంది. ఎగ్జాస్ట్ పీకేసి, చిమ్నీ వైపు గోడకి నేల మట్టాన కిటికీ తీసి, దాని బయట మామూలు టేబుల్ ఫ్యాన్ పెట్టాం, నేల వెంట పొయ్యి వైపు, తక్కువ స్పీడులో. పైన ఒకే చోటున్న కన్నం మూసి, కప్పు కింద గది పొడవునా సన్నటి సందు వదిలాం. పొయ్యికి సరిగ్గా పైన ఓ రేకు అడ్డం పెట్టాం. లేకపోతే వేడంతా అక్కడే నిటారుగా లేచిపోతుంది. ట్రేలకీ గోడకీ మధ్య ఖాళీ ఉంటే గాలి చిప్పల్లో దూరదు, పక్కనుంచి జారుకుంటుంది. అక్కడ గోనెపట్టా కుక్కకండి, అంటుకుంటుంది; రేకు ముక్కలే పెట్టండి. తర్వాత అగరుబత్తి వెలిగించి కింది కిటికీ దగ్గర పట్టుకుంటే పొగ లోపలికి వంగాలి, పై సందు దగ్గర బయటికి పోవాలి. గొట్టం అతుకు దగ్గర అటూ ఇటూ ఊగితే అక్కడ కారుతున్నట్టే, బంకమట్టి మెత్తాలి.

మొదటి ఏడెనిమిది గంటలు పై సందు పూర్తిగా తెరిచే ఉంచాలి. కట్టెలు ఆదా అని మూస్తే ఆవిరి రేకు కప్పుకి తగిలి బొట్లుబొట్లుగా మళ్లీ చిప్పల మీదే పడుతుంది. చిప్ప పెంకు వదిలాక మూడో వంతుకి తగ్గించొచ్చు. ట్రే దగ్గర వేడి 60 నుంచి 65 డిగ్రీలుంటే చాలు. 70 దాటితే పైన గట్టిపడి లోపల నీరు చిక్కుకుపోతుంది. అదే తర్వాత బస్తాలో బూజవుతుంది.

గొట్టం చిమ్నీ వైపు అడుక్కి పావంగుళం చొప్పున ఎత్తుగా పోవాలి. పొయ్యి దగ్గర జింకు పూత గొట్టం వాడొద్దు, కాలితే ఆ పొగ మంచిది కాదు. చిమ్నీ కప్పుకి మూడడుగులు పైకుండాలి. తడి డొక్కలు (కొబ్బరి పీచు తొక్కలు) వేస్తే లోపల నల్లటి జిడ్డు పేరుకుని ఏదో రోజు చిమ్నీయే అంటుకుంటుంది.

ఇలాంటి గది కట్టించేవాళ్లు ముందు ఫ్యాన్ ఎటు తిప్పుతావని అడగండి. "బయటికండీ" అన్నవాడికి అడ్వాన్సు ఇవ్వకండి.