కూత తెగిన సీజన్

కబడ్డీలో రైడర్‌కి ఇచ్చేది 30 సెకన్లు. అంతసేపూ కూత తెగకూడదు. సీజన్‌కి ముందు క్యాంపులో నాది సగంలోనే తెగిపోయేది. గట్టిగా ఊపిరి పీలిస్తే కుడి డొక్కలో పొడిచినట్టు నొప్పి, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది. డిఫెండర్ ఒంటితో గుద్దే డాష్ తగిలి పక్కటెముక దెబ్బతిందేమో అన్నారు కోచ్ సార్. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. వీపులోంచి సూదితో ఆ నీరు తీసి పరీక్షలు చేస్తే టీబీ అని తేలింది.

6 నెలల కోర్సు. మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత 4 నెలలు మూడు. మూత్రం నారింజ రంగులో వస్తుందని నర్సమ్మ ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే హడలిపోయేవాణ్ణి. డాక్టర్‌ని నేను మొదట అడిగింది ఇవి డోపింగ్ నిషేధ జాబితాలో ఉన్నాయా అని. టీబీ మందులు లేవు. స్టెరాయిడ్ మాత్రలు వాడాల్సి వస్తేనే చిక్కు, నాకు ఆ అవసరం రాలేదు. జట్టు నా స్థానంలో ఇంకొకణ్ణి తీసుకుంది. తప్పు పట్టను, వాళ్ల సీజన్ వాళ్లది.

బాపట్ల దగ్గర మా ఊరు వచ్చేశాను. మ్యాచ్ గెలిచాక మోకరించి స్తోత్రం చెప్పడం నాకు బాగా అలవాటే. ఏమవుతుందో తెలియనప్పుడు మాత్రం ఏమని ప్రార్థించాలో తోచలేదు. ప్రార్థన కూడికకి వచ్చిన ఒకాయన "విశ్వాసం ఉంటే మందులెందుకు తమ్ముడూ" అన్నాడు. మా చర్చి పాస్టర్ అయ్యగారికి కోపం రావడం అప్పుడే చూశాను. "సువార్త రాసిన లూకా వైద్యుడే కదయ్యా! బాబూ, నువ్వు ఒక్క మాత్ర కూడా మానొద్దు" అన్నారు.

తన శరీరంలో ముల్లులాంటి బాధ ఉందని అపొస్తలుడు పౌలు బైబిల్లో రాసింది నాతో చదివించింది కూడా ఆయనే. తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, కృప చాలన్న జవాబు వచ్చింది. ఇదేం ఓదార్పు అనుకున్నాను. కానీ తప్పకుండా ఆడతావని ఎవరైనా హామీ ఇచ్చి ఉంటే, రోజూ పొద్దున్నే ఊపిరి కొలుచుకుంటూ చచ్చేవాణ్ణి. మెల్లగా నా ప్రార్థన మారింది. ఆడించు ప్రభువా అనేవాణ్ణి, ఆడకపోయినా విడిచిపెట్టకు అనడం మొదలుపెట్టాను. అదీ రాని రాత్రుళ్లు 13వ కీర్తన చదివి పడుకునేవాణ్ణి. ఎన్నాళ్లని దావీదే నిలదీశాడు, నేనెంత!

అన్నిటికంటే కష్టమైంది టీవీలో మ్యాచ్‌లు చూడడం. నా బదులు వచ్చిన కుర్రాడు సూపర్ రైడ్ చేస్తే కడుపు మండేది. "వాడి కోసం కూడా ప్రార్థన చెయ్యి నాన్నా" అంది అమ్మ. చాలాకాలం నోరు రాలేదు. ఇప్పటికీ పూర్తి మనసుతో చేస్తున్నానని చెప్పలేను.

కోర్సు పూర్తయ్యాక డాక్టర్ సరేనంటేనే సూర్యలంక ఇసుకలో పరుగు మొదలుపెట్టాను. కూత నిలబడుతోంది. ఆటగాళ్ల వేలంలో ఏ జట్టైనా తీసుకుంటుందో లేదో తెలీదు.

మొన్న చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. అద్భుతం వింటామని వచ్చినవాళ్లకి మందుల కోర్సు గురించే ఎక్కువ చెప్పాను. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం అన్నాను. ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన పక్కకి పిలిచి, ఆ పరీక్షకి పొద్దున ఎన్ని గంటలకి వెళ్లాలని అడిగాడు.