క్వారీ గుంతలోకి సిగ్నల్ దింపాలని: నా ఎంటెక్ ప్రాజెక్టు

ఆర్‌ఐఎస్ మీద ప్రాజెక్టు చేస్తానంటే క్లాసులో చాలామంది వద్దన్నారు, లెక్కలు ఎక్కువని. ఆర్‌ఐఎస్ అంటే రీకాన్ఫిగరబుల్ ఇంటెలిజెంట్ సర్ఫేస్, గోడకి బిగించే పలక. దాని నిండా చిన్న చిన్న ఎలిమెంట్లు. ఒక్కోటీ తన మీద పడ్డ సిగ్నల్ ఫేజ్, అంటే అల ఎత్తుపల్లాల వరస, మార్చి తిప్పి పంపుతుంది. అన్నీ ఒకే తాళంలో పడితే మనకి కావాల్సిన చోట సిగ్నల్ బలపడుతుంది. రిలేలాగా యాంప్లిఫై చెయ్యదు కాబట్టి కరెంటు తక్కువ.

మాది చీమకుర్తి. గెలాక్సీ గ్రానైట్ క్వారీలో అడుక్కి దిగితే ఫోన్‌లో గీతలుండవు. డంపర్ టైరు పంక్చరైతే డ్రైవర్ ర్యాంపెక్కి పైకొచ్చి ఫోన్ చెయ్యాలి. గుంత అంచున పలక పెడితే అటు టవరూ ఇటు అడుగూ రెండూ దానికి కనబడతాయి. సిమ్యులేషన్‌కి అదే తీసుకున్నా. పలక టవర్‌కీ ఫోన్‌కీ సరిగ్గా మధ్యలో ఉంటే నష్టం ఎక్కువ, ఏదో ఒక కొసకి దగ్గరగా ఉండాలి. అంచు ఆ రకంగానూ కలిసొచ్చింది.

ఈ పలకల మీద చోంగ్వెన్ హువాంగ్, జప్పోనె వాళ్ల 2019 పేపర్ పట్టుకుని కూర్చున్నా. ఇక్కడ చూసేది స్పీడొక్కటే కాదు, జౌలుకి ఎన్ని బిట్లు వెళ్లాయని. అది పైన స్పీడు, కింద ఖర్చయ్యే పవర్ ఉన్న భిన్నం, నేరుగా లొంగదు. డింకెల్‌బాక్ 1967లో చెప్పిన పద్ధతిలో హారాన్ని ఒక గుణకంతో హెచ్చవేసి లవంలోంచి తీసేసి, ఆ గుణకాన్ని విడతవిడతకీ సరిచేసుకుంటూ పోవాలి. టవర్ పంపాల్సిన పవర్ అలా తేలింది. ఫేజ్‌లే ఏడిపించాయి. పవర్ కదపకుండా ఫేజ్‌లు, ఫేజ్‌లు కదపకుండా పవర్, మార్చి మార్చి సర్దడమే పని.

రివ్యూలో మా గైడ్ సార్ గ్రాఫ్ చూసి, "ఏమ్మా, ఎలిమెంట్లు రెట్టింపు చేస్తే సిగ్నల్ 6 డీబీ పెరుగుద్ది, సరే. వాటి కరెంటు బిల్లెవరు కడతారు?" అన్నారు. ఆ మాట వస్తుందనే హారంలో అదీ కలిపి ఉంచా. ఎలిమెంట్‌కి 10 మిల్లీవాట్లనుకున్నా 400కి 4 వాట్లు. ఎలిమెంట్లు పెంచుతూ పోతే జౌలుకి బిట్ల గీత కొంత దూరం ఎక్కి, తర్వాత కిందికి వంగింది. పలక కరెంటు ఖర్చు సున్నా అని రాసే పేపర్లంటే అప్పట్నుంచీ నాకు గురి లేదు. ఫేజ్‌కి 1 బిట్ ఇస్తే, అంటే రెండే మెట్లుంటే, దాదాపు 3.9 డీబీ పోతుంది, 2 బిట్లిస్తే (నాలుగు మెట్లు) 0.9 మాత్రమే. నేను 2 దగ్గర ఆగా.

వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒక్కటే గట్టిగా పట్టుకున్నారు: "పలకకి రిసీవరే లేదు, ఛానెల్ ఎలా తెలుస్తుంది?" పైలట్లు, అంటే ముందే తెలిసిన పరీక్ష సిగ్నళ్లు, పంపి సిగ్నల్ దారిని కొలవాలి, ఎలిమెంట్లు పెరిగేకొద్దీ పైలట్లూ పెరుగుతాయి, ఆ ఖర్చు నా లెక్కలో లేదని చెప్పా. తలూపి సంతకం పెట్టారు. ఆ భాగం ఇప్పుడు మా జూనియర్ చేస్తోంది, కోడ్ తనకిచ్చేశా.